అక్యూట్ కిడ్నీ ఇంజ్యూరీ ట్రయల్‌లో చేరాలంటే: కాగితాల నుంచి ఫాలో అప్ దాకా సమగ్ర మార్గదర్శి

కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్న రోగిని క్లినికల్ ట్రయల్‌లో చేర్చడం ఎలా అని అడిగేవారిలో చాలామంది, క్యాన్సర్ ట్రయల్స్ గురించి తాము విన్న పద్ధతే ఇక్కడా పనికొస్తుందని అనుకుంటారు. నాలుగు రోజులు ఇంటర్నెట్‌లో వెతకడం, రెండు మూడు కేంద్రాలకు రాయడం, జవాబు వచ్చాక ప్రయాణం కట్టడం అక్కడ కుదురుతాయి. అక్యూట్ కిడ్నీ ఇంజ్యూరీలో, అంటే వైద్యులు క్లుప్తంగా ఏకేఐ అనే ఈ స్థితిలో, అంత వ్యవధి ఉండదు. చికిత్సకు సంబంధించిన ఏకేఐ ట్రయల్స్‌లో చాలావాటిని, అర్హత ఏర్పడిన సమయం నుంచి 24 లేదా 48 గంటల్లోపు రోగిని చేర్చుకునేలా రూపొందిస్తారు. ఆ గడువు దాటితే మిగతా అర్హతలన్నీ ఉన్నా చేర్చుకోరు.

అందువల్ల ఇక్కడ వరస మారుతుంది. ముందు కాగితాలు, తర్వాత రోగిని చూస్తున్న వైద్య బృందం, ఆ తర్వాతే రిజిస్ట్రీ, అంటే ట్రయల్స్ వివరాలను నమోదు చేసే బహిరంగ జాబితా. శస్త్రచికిత్సకు ముందుగానే సిద్ధమవుతున్నవారికీ, ఏకేఐ నుంచి బయటపడి ఇంటికి చేరినవారికీ మాత్రం రిజిస్ట్రీతో మొదలుపెట్టే తీరిక ఉంటుంది.

ట్రయల్ కోసం వెతుకుతూ చికిత్సను వాయిదా వేయకూడదన్న మాట ముందే చెప్పాలి. మూత్రం బాగా తగ్గిపోవడం, ఊపిరాడకపోవడం, తీవ్రమైన మగత, రక్తంలో పొటాషియం పెరగడం వంటివి అత్యవసర స్థితులు. అప్పుడు ఆస్పత్రికి చేరడమే మొదటి పని.

1. మీరు ఏ వేళలో ఉన్నారో తేల్చుకోండి

ఏకేఐ ట్రయల్స్‌కు మూడు ద్వారాలున్నాయి. ఒక్కో ద్వారం ఒక్కో వేళలోనే తెరుచుకుంటుంది కాబట్టి, మీ వేళ ఏదో తేల్చుకోకుండా వెతికితే పనికిరాని ఫలితాలు కుప్పలుగా వస్తాయి.

మొదటిది, ఏకేఐ రాకముందు. పెద్ద గుండె శస్త్రచికిత్స, స్కాన్‌లో స్పష్టంగా కనబడేందుకు ఇచ్చే కాంట్రాస్ట్ మందుతో చేసే పరీక్షలు, కిడ్నీలకు హాని చేయగల కొన్ని మందుల వాడకం వంటి సందర్భాల్లో ఏకేఐ వచ్చే ప్రమాదం ఉందని ముందే తెలుస్తుంది. అలాంటివారిలో దాన్ని నివారించవచ్చా అని చూసే ట్రయల్స్ ఇవి. ఉదాహరణకు 2024లో ఫలితాలు వెలువడిన ప్రొటెక్షన్ ట్రయల్‌లో, గుండె శస్త్రచికిత్స జరిగే 3,511 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు అమైనో ఆమ్లాలను నరం ద్వారా ఎక్కించారు. ఏకేఐ ఆ జట్టులో 26.9 శాతం మందికి, రెండో జట్టులో 31.7 శాతం మందికి వచ్చింది. ఇటువంటి ట్రయల్‌లో చేరే అవకాశం ఆపరేషన్ తేదీ ఖరారైన నాటి నుంచి ఆపరేషన్ మొదలయ్యే దాకానే.

రెండోది, ఏకేఐ నడుస్తుండగా. రోగి సాధారణంగా ఐసీయూలోనో వార్డులోనో ఉంటారు. సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అతిగా స్పందించి అవయవాలు దెబ్బతినడం) వల్ల వచ్చిన ఏకేఐకి కొత్త మందులు, డయాలసిస్ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏ ద్రవాలు ఎక్కించాలి, లివర్ సిరోసిస్‌లో కిడ్నీలు కూడా పనిచేయడం తగ్గే హెపటోరీనల్ సిండ్రోమ్‌కు ఏ చికిత్స ఇవ్వాలి అన్న ప్రశ్నలపై జరిగే ట్రయల్స్ ఈ కోవలోవి. గడువు అన్నిటికన్నా బిగుతుగా ఉండేది ఇక్కడే.

మూడోది, ఏకేఐ తర్వాత. దెబ్బ తగిలిన 7 రోజుల నుంచి 90 రోజుల వరకు కోలుకోని స్థితిని వైద్యులు అక్యూట్ కిడ్నీ డిసీజ్ అంటారు. మూడు నెలలు దాటినా నష్టం మిగిలితే అది దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి కిందికి వస్తుంది. డిశ్చార్జ్ తర్వాత ఏ మందులు కొనసాగించాలి, ఎంత తరచుగా చూపించుకోవాలి, డయాలసిస్ నుంచి ఎలా బయటపడాలి అన్నవి ఈ దశ ట్రయల్స్‌లోని ప్రశ్నలు. తీరిగ్గా వెతికి చేరగలిగేది ఈ ద్వారం గుండానే. విచిత్రమేమిటంటే ఎక్కువమంది దీన్ని పట్టించుకోరు. ఇంటికి వచ్చేశాం కదా అనుకుంటారు.

2. అంకెలను ఒక్క పేజీలోకి తెచ్చుకోండి

ఈ మార్గదర్శిలో ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇదే చేయండి. ఏకేఐ ట్రయల్‌లో అర్హత ప్రధానంగా క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టే వ్యర్థం; వాటి పని తగ్గితే రక్తంలో పెరుగుతుంది), మూత్ర పరిమాణం అనే రెండు కొలతల మీద, వాటి పక్కన ఉండే గంటల మీద ఆధారపడి ఉంటుంది.

కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ 2012లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం కింది మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఏకేఐ ఉన్నట్టే.

- 48 గంటల్లో క్రియాటినిన్ డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు లేదా అంతకుమించి పెరగడం.
- గత 7 రోజుల్లో క్రియాటినిన్ తన మూల విలువకు (ఏకేఐకి ముందున్న విలువకు) 1.5 రెట్లు లేదా అంతకుమించి చేరడం.
- 6 గంటలపాటు మూత్రం, శరీర బరువులో కిలోకు గంటకు 0.5 మిల్లీలీటర్ల కన్నా తక్కువగా ఉండడం.

తీవ్రతను మూడు స్టేజీలుగా చెబుతారు. క్రియాటినిన్ మూల విలువకు 1.5 నుంచి 1.9 రెట్లయితే, లేదా 0.3 పెరుగుదల ఉంటే మొదటి స్టేజీ. 2 నుంచి 2.9 రెట్లయితే రెండోది. 3 రెట్లకు చేరినా, 4 మిల్లీగ్రాములకు చేరినా, డయాలసిస్ మొదలుపెట్టినా మూడోది. మూత్రం లెక్కన చూస్తే, పైన చెప్పిన 0.5 పరిమితి కన్నా తక్కువగా 12 గంటలు కొనసాగితే రెండో స్టేజీ అవుతుంది. 24 గంటలపాటు 0.3 కన్నా తక్కువగా ఉన్నా, 12 గంటలపాటు అసలు రాకపోయినా మూడో స్టేజీ.

ఈ లెక్క ఎలా పనిచేస్తుందో ఊహించిన ఒక ఉదాహరణలో దగ్గరగా చూద్దాం. రోగి బరువు 60 కిలోలు. అయిదు నెలల కిందట మామూలు పరీక్షలో క్రియాటినిన్ 0.9 ఉంది. ఆస్పత్రిలో చేరిన సోమవారం ఉదయం 6 గంటలకు 1.1, మంగళవారం అదే వేళకు 1.5, బుధవారం అదే వేళకు 2.1. మంగళవారం నాటికి 24 గంటల్లో 0.4 పెరిగింది, మూల విలువకు దాదాపు 1.67 రెట్లయింది, మొదటి స్టేజీ. బుధవారం నాటికి 2.33 రెట్లు, రెండో స్టేజీ. ఒక ట్రయల్ నిబంధన ‘రెండో స్టేజీ గుర్తించిన 24 గంటల్లోపు’ అని ఉంటే, గురువారం ఉదయం 6 గంటలకు తలుపు మూసుకుంటుంది.

ఇప్పుడు అయిదు నెలల కిందటి ఆ రిపోర్టు ఇంట్లో ఎక్కడో ఉండిపోయిందనుకోండి. ఆస్పత్రిలో చేరిన రోజు విలువ 1.1నే మూలంగా తీసుకుంటే బుధవారం 2.1 అన్నది 1.91 రెట్లే అవుతుంది. అంటే ఇంకా మొదటి స్టేజీయే, అర్హత లేనట్టే. రోగి అదే, కిడ్నీలు అవే. తేడా తెచ్చింది ఒక పాత కాగితం.

మూత్రం లెక్క ఇంకో మలుపు తిప్పుతుంది. 60 కిలోల మనిషికి గంటకు 0.5 అంటే 30 మిల్లీలీటర్లు; 12 గంటలకు 360. మంగళవారం ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకా, ఎక్కడా మళ్లీ పుంజుకోకుండా, మొత్తం 300 మిల్లీలీటర్లే వచ్చిందనుకుందాం. అప్పుడు మూత్రం ప్రకారం రెండో స్టేజీ మంగళవారం రాత్రి 10 గంటలకే వచ్చేసింది. ఆ ట్రయల్ మూత్రం కొలతను కూడా అంగీకరిస్తే గడువు బుధవారం రాత్రి 10కే ముగుస్తుంది, గురువారం ఉదయం దాకా ఆగదు. కొన్ని ట్రయల్స్ క్రియాటినిన్‌ను మాత్రమే లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి ఏ కొలతతో గడియారం మొదలవుతుందో విడిగా అడగాలి.

మూల విలువ అసలు దొరకకపోతే దారి లేకపోలేదు. చాలా ట్రయల్స్ గత ఏడాదిలోని పాత విలువను కోరతాయి గానీ, అది లేనప్పుడు వయసు, లింగం ఆధారంగా అంచనా వేసిన విలువను వాడుకోవడానికి కొన్ని ప్రోటోకాల్స్ (ట్రయల్ నియమావళులు) అనుమతిస్తాయి. అంచనా అంచనాయే, పాత రిపోర్టు కోసం ఒకరిని ఇంటికి పంపడం, గతంలో పరీక్ష చేయించిన ల్యాబుకు ఫోన్ చేయడం ఎప్పుడూ వృథా కాదు.

కొలత యూనిట్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కొన్ని దేశాల ల్యాబులు క్రియాటినిన్‌ను లీటరుకు మైక్రోమోల్స్‌లో ఇస్తాయి. డెసిలీటరుకు 1 మిల్లీగ్రామ్ అంటే 88.4 మైక్రోమోల్స్. రిపోర్టులో 133 అని కనబడితే కంగారు పడనక్కర్లేదు, అది 1.5.

ఒక్క పేజీలో ఉండాల్సినవి:

- రోగి వయసు, బరువు, ఎత్తు.
- ఏకేఐకి ముందున్న క్రియాటినిన్ విలువలు, తేదీలతో సహా. ఒకటికన్నా ఎక్కువ ఉంటే అన్నీ.
- ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి ప్రతి క్రియాటినిన్ విలువ, నమూనా తీసిన తేదీ, గంట.
- గంటలవారీ లేదా షిఫ్టులవారీ మూత్ర పరిమాణం, క్యాథెటర్ పెట్టిన సమయం.
- ఏకేఐకి వైద్యులు చెప్పిన కారణం: సెప్సిస్, శస్త్రచికిత్స, మందు, నీరు తగ్గడం, మూత్రనాళంలో అడ్డు, ఇతరం.
- డయాలసిస్ మొదలైందా, అయితే ఎప్పుడు, ఏ రకం.
- ముందునుంచీ ఉన్న వ్యాధులు: మధుమేహం, రక్తపోటు, లివర్, గుండె, పాత కిడ్నీ వ్యాధి, కిడ్నీ మార్పిడి.
- ప్రస్తుత మందులు, ఎలర్జీలు. నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్, మూలికా మందులు కూడా.
- గత మూడు నెలల్లో మరో ట్రయల్‌లో పాల్గొన్నారా అన్న సమాచారం.

నమూనా తీసిన గంటకూ రిపోర్టు వచ్చిన గంటకూ తేడా ఉంటుంది. ఏది నమోదు చేస్తున్నారో ఆ పేజీ మీదే రాసి పెట్టండి.

3. రోగి మంచం దగ్గరున్న బృందాన్ని మొదట అడగండి

ఐసీయూలో ఉన్న రోగిని నిలకడ లేని స్థితిలో ట్రయల్ కోసం మరో ఊరికి తరలించడం దాదాపు ఎప్పుడూ మంచిది కాదు. కనుక ఆచరణలో మిగిలే ప్రశ్న ఒక్కటే: ఈ ఆస్పత్రిలోనే ఏదైనా ట్రయల్ నడుస్తోందా? పెద్ద బోధనాసుపత్రుల్లో పరిశోధన కో-ఆర్డినేటర్లు రోజూ ల్యాబు జాబితాలు చూసి అర్హులను వెతుకుతుంటారు. అంటే చాలాసార్లు రోగి ట్రయల్‌ను వెతకడం కన్నా ట్రయలే రోగిని వెతుక్కుంటూ రావడం జరుగుతుంది. అయినా రాత్రుళ్లు, సెలవు రోజులు, వార్డుల మధ్య మార్పులు ఉంటాయి. అడగడం వల్ల ఆ ఖాళీ పూడుతుంది.

రౌండ్స్ హడావిడిలో ‘ఏమైనా కొత్త వైద్యం ఉందా’ అని అడిగితే స్పష్టమైన జవాబు రాదు. ఇలా అడగండి:

- ‘ఏకేఐ, సెప్సిస్ లేదా డయాలసిస్ మీద ఈ ఆస్పత్రిలో రోగులను చేర్చుకుంటున్న అధ్యయనం ఏదైనా ఉందా?’
- ‘ఉంటే ఆ బృందానికి మా రోగి గురించి ఇవాళే చెప్పగలరా?’
- ‘ఇప్పటికే పరిశీలించి వద్దనుకుని ఉంటే, కారణమేమిటి?’

మూడో ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అడగాలి. కారణం రేపటికి మారిపోయేదైతే, ఉదాహరణకు క్రియాటినిన్ ఇంకా ఆ స్థాయికి చేరలేదన్నదైతే, మళ్లీ అడగడానికి ఆధారం దొరుకుతుంది. కారణం మారనిదైతే, ఉదాహరణకు గతంలో కిడ్నీ మార్పిడి జరిగి ఉంటే, ఆ ట్రయల్‌ను జాబితాలోంచి కొట్టేసి ముందుకు వెళ్లవచ్చు.

ఇద్దరు వైద్యులను విడివిడిగా అడగడం మంచిది: ఐసీయూ బాధ్యుడిని, కిడ్నీ వైద్యుడైన నెఫ్రాలజిస్టును. ఒక విభాగంలో నడిచే ట్రయల్ పక్క విభాగానికి తెలియకపోవడం పెద్ద ఆస్పత్రుల్లో మామూలే.

4. రిజిస్ట్రీల్లో వెతికే వరస

మనుషుల మీద జరిపే ట్రయల్స్‌ను, మొదటి రోగిని చేర్చుకోకముందే, బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేయాలన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన నియమం. ఈ రిజిస్ట్రీలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

మొదట అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ చూడండి. పేరు అమెరికాదే అయినా అనేక దేశాల ట్రయల్స్ అందులో ఉంటాయి. ప్రతి ట్రయల్‌కు ఎన్‌సీటీ అక్షరాల తర్వాత ఎనిమిది అంకెల సంఖ్య ఉంటుంది. ఆ తర్వాత మీరున్న దేశం లేదా ప్రాంతం రిజిస్ట్రీ చూడండి: యూరోపియన్ యూనియన్‌కు సీటీఐఎస్, భారత్‌కు సీటీఆర్‌ఐ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు ఏఎన్‌జెడ్‌సీటీఆర్, బ్రిటన్ అధ్యయనాలకు ఎక్కువగా ఐఎస్ఆర్‌సీటీఎన్. చివరగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీటీఆర్‌పీ వేదిక. అది పలు దేశాల రిజిస్ట్రీల సమాచారాన్ని ఒకచోట చేరుస్తుంది కాబట్టి, ముందు రెండు చోట్లా తప్పిపోయినవి ఇక్కడ బయటపడతాయి. ఒకే ట్రయల్ రెండు మూడు సంఖ్యలతో కనబడితే కొత్తదని పొరబడవద్దు.

వెతికే పదాలను ఇంగ్లీషులో ఇవ్వాల్సి ఉంటుంది. ‘అక్యూట్ కిడ్నీ ఇంజ్యూరీ’ ఒక్కటే ఇచ్చి ఆగిపోతే సగం జారిపోతాయి. పాత పేరు ‘అక్యూట్ రీనల్ ఫెయిల్యూర్’ ఇంకా కొన్ని నమోదుల్లో కనబడుతుంది. దానితోపాటు మీ రోగి కారణానికి తగిన పదాన్ని కలపండి: సెప్సిస్, కార్డియాక్ సర్జరీ, కాంట్రాస్ట్, సిస్‌ప్లాటిన్ (ఒక క్యాన్సర్ మందు), రాబ్డోమయోలిసిస్ (కండరాలు దెబ్బతిని కరగడం), హెపటోరీనల్ సిండ్రోమ్, అక్యూట్ ట్యూబ్యులర్ నెక్రోసిస్ (కిడ్నీలోని సన్నని గొట్టాలు దెబ్బతినడం). డయాలసిస్‌లో ఉంటే ‘రీనల్ రిప్లేస్‌మెంట్ థెరపీ’. ఇంటికి వచ్చినవారైతే ‘అక్యూట్ కిడ్నీ డిసీజ్’, ‘ఏకేఐ సర్వైవర్స్’.

వడపోత ఈ క్రమంలో చేయండి:

- స్థితి: ‘రిక్రూటింగ్’, ‘నాట్ యెట్ రిక్రూటింగ్’ మాత్రమే.
- వయసు: పిల్లల ట్రయల్స్, పెద్దల ట్రయల్స్ వేర్వేరు.
- దేశం, తర్వాత నగరం. మొదటే నగరం పెడితే ఫలితాలు ఖాళీగా వచ్చి నిరాశ కలుగుతుంది.
- అధ్యయన రకం: చికిత్స లేదా జోక్యం ఉన్నవి ఒక జాబితాగా, పరిశీలన మాత్రమే ఉన్నవి మరో జాబితాగా.

5. ఒక నమోదును చదవడం

శీర్షిక చూసి ఆశపడడం, శీర్షిక చూసే వదిలేయడం రెండూ తప్పే. ముందుగా చూడాల్సింది చివరిసారి సమాచారం మార్చిన తేదీ. ‘రిక్రూటింగ్’ అని ఉండి ఏడాదిన్నరగా ఎవరూ ముట్టుకోని నమోదును అనుమానంతోనే చూడాలి. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో పాత మార్పుల చరిత్ర కూడా కనబడుతుంది. అర్హత నిబంధనలు మధ్యలో మారాయా అన్నది అందులో తెలుస్తుంది. ‘అన్‌నోన్ స్టేటస్’ అంటే, ముగింపు తేదీ దాటినా రెండేళ్లకు పైగా ఎవరూ వివరాలు సరిచూడలేదని అర్థం.

తర్వాత కేంద్రాల జాబితా. మొత్తం ట్రయల్ కొనసాగుతున్నా, మీ దగ్గరి కేంద్రం చేర్చుకోవడం ఆపేసి ఉండవచ్చు. స్థితి కేంద్రాలవారీగా వేరుగా ఉంటుంది.

అర్హత నిబంధనలను రెండుసార్లు చదవండి; రెండోసారి కాలానికి సంబంధించిన మాటలు మాత్రమే ఏరుతూ చదవండి. ‘లోపు’, ‘కనీసం’, ‘నుంచి’ వంటి చిన్న మాటల్లోనే అర్హత ఇరుక్కుని ఉంటుంది. ‘ఏకేఐ గుర్తించిన 48 గంటల్లోపు’ వేరు, ‘ఐసీయూలో చేరిన 48 గంటల్లోపు’ వేరు, ‘రక్తపోటు పెంచే మందు మొదలుపెట్టిన 48 గంటల్లోపు’ వేరు. మూడింటికీ గడియారం వేర్వేరు క్షణాల్లో మొదలవుతుంది.

మినహాయింపుల్లో తరచూ కనబడేవి ఇవి: ముందునుంచే తీవ్రమైన దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి, కిడ్నీ మార్పిడి, ఇప్పటికే డయాలసిస్ మొదలవడం, మూత్రనాళంలో అడ్డు వల్ల వచ్చిన ఏకేఐ, గ్లోమెరులోనెఫ్రైటిస్ (కిడ్నీ వడపోత భాగాల వాపు) లేదా రక్తనాళాల వాపు వల్ల వచ్చినది, గర్భం, ఇటీవల మరో మందు ట్రయల్‌లో పాల్గొనడం.

ఈ మినహాయింపులు రోగిని దూరం పెట్టడానికి కల్పించిన అడ్డంకులని కొందరు విసుక్కుంటారు. 2021లో ప్రచురితమైన కన్ఫర్మ్ ట్రయల్ చూస్తే అవి ఎందుకు అవసరమో తెలుస్తుంది. హెపటోరీనల్ సిండ్రోమ్ ఉన్న 300 మంది అందులో పాల్గొన్నారు. టెర్లిప్రెసిన్ ఇచ్చినవారిలో 32 శాతం మందికి, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మోతాదు) ఇచ్చినవారిలో 17 శాతం మందికి ఆ స్థితి తగ్గిపోయింది. అదే ట్రయల్‌లో శ్వాస సమస్యలతో 90 రోజుల్లో మరణించినవారు మందు జట్టులో 11 శాతం, ప్లాసిబో జట్టులో 2 శాతం. కిడ్నీకి మేలు చేసిన మందే ఊపిరితిత్తుల మీద భారం మోపింది. అందువల్ల ఆక్సిజన్ స్థాయిని గురించిన ఒక నిబంధనను ఎలాగోలా దాటించమని వైద్యుణ్ని ఒత్తిడి చేయడం రోగికి హాని తలపెట్టడమే.

రిజిస్ట్రీలో ఉందంటే ప్రభుత్వం ఆమోదించిందనో, నాణ్యత పరీక్షించిందనో అనుకోవద్దు. వివరాలు నమోదు చేసేది ఆ ట్రయల్ నిర్వాహకులే. రోగుల రక్షణ కోసం ట్రయల్స్‌ను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అన్నది చూడండి. ప్రయోగంలో ఉన్న మందుకు రోగి దగ్గరే భారీగా డబ్బు అడుగుతుంటే అక్కడే ఆగి మీ నెఫ్రాలజిస్టును సంప్రదించండి.

6. సంప్రదించేటప్పుడు

నమోదులో ఇచ్చిన కేంద్రం ఫోన్‌కు మొదట కాల్ చేయండి, వెంటనే ఈమెయిల్ పంపండి. మూడో ద్వారంలో ఉన్నవారికి ఈమెయిల్ ఒక్కటీ చాలు. రోగి ఆస్పత్రిలో ఉంటే మాత్రం, మీ వైద్యుడు నేరుగా అవతలి పరిశోధకుడితో మాట్లాడడం కన్నా వేగమైన దారి లేదు.

మొదటి సందేశం పది వరసలు దాటకూడదు. ట్రయల్ సంఖ్య, రోగి వయసు, ఏకేఐ కారణం, మూల క్రియాటినిన్, తాజా క్రియాటినిన్ గంటతో సహా, ప్రస్తుత స్టేజీ, డయాలసిస్ ఉందా లేదా, రోగి ఎక్కడ ఉన్నారు, చూస్తున్న వైద్యుణ్ని ఎలా చేరుకోవాలి. ఇంతే. రోగి పేరు, గుర్తింపు కార్డు సంఖ్య, మొత్తం కేస్ షీటు ఫొటోలు మొదటి సందేశంలో పంపవద్దు. అర్హత ఉండేలా కనిపిస్తే వారే సురక్షితమైన మార్గంలో అడుగుతారు.

7. సమ్మతి: తొందరలోనూ తొందరపడకూడని చోటు

గడువు గంటల్లో ఉన్నా, సమ్మతి పత్రం చదవకుండా సంతకం పెట్టమని ఏ మంచి బృందమూ అడగదు. రోగి స్పృహలో ఉండి అర్థం చేసుకోగలిగితే సంతకం రోగిదే. మగతలోనో వెంటిలేటర్ మీదో ఉంటే, చట్టం గుర్తించిన ప్రతినిధి రోగి తరఫున నిర్ణయిస్తారు. కుటుంబంలో ఆ ప్రతినిధి ఎవరో ముందే తేల్చుకోండి. అన్నదమ్ములు ఫోన్‌లో వాదించుకుంటుండగా గడువు జారిపోవడం అరుదేమీ కాదు. కొన్ని దేశాల్లో అత్యవసర ట్రయల్స్‌కు ముందు చేర్చి తర్వాత సమ్మతి తీసుకునే ఏర్పాటు, ఎథిక్స్ కమిటీ ముందస్తు అనుమతితో, ఉంటుంది. రోగి తేరుకున్నాక కొనసాగాలో వద్దో తనే తిరిగి చెప్పే హక్కు ఉంటుంది.

ప్రతినిధి గుర్తుంచుకోవాల్సింది, తనకు ఏది ఇష్టమన్నది కాదు, రోగి మాట్లాడగలిగితే ఏమనేవారు అన్నది.

సంతకానికి ముందు అడగాల్సినవి:

- ట్రయల్‌లో చేరకపోతే ఇచ్చే మామూలు చికిత్స ఏమిటి? చేరితే అందులో ఏది మారుతుంది?
- ప్లాసిబో ఉందా? ఏ జట్టులో పడతారన్నది ఎవరికి తెలుస్తుంది?
- ఇప్పటివరకు తెలిసిన దుష్ప్రభావాలు ఏవి?
- అదనంగా ఎంత రక్తం, ఎన్నిసార్లు తీస్తారు? నమూనాలు ఎంతకాలం భద్రపరుస్తారు?
- ట్రయల్ వల్ల హాని జరిగితే చికిత్స, పరిహారం ఎవరి బాధ్యత?
- అదనపు పరీక్షల ఖర్చు, ఫాలో అప్ ప్రయాణ ఖర్చు ఎవరు భరిస్తారు?
- మధ్యలో వైదొలిగితే అప్పటిదాకా సేకరించిన సమాచారం ఏమవుతుంది?
- రాత్రివేళ ఫోన్ చేయాల్సి వస్తే ఎవరికి?

ప్లాసిబో అనగానే ‘మావాళ్లకు వైద్యం ఆపేస్తారా’ అని భయపడేవారున్నారు. ఏకేఐ ట్రయల్స్‌లో సాధారణంగా ప్లాసిబో జట్టుకూ ద్రవాలు, యాంటీబయాటిక్స్, అవసరమైతే డయాలసిస్ వంటి మామూలు వైద్యమంతా అందుతుంది; ప్లాసిబో దానికి అదనం. మీ ట్రయల్‌లోనూ అంతేనా అని అడిగి నిర్ధారించుకోండి.

దీనికి ఎదురు భ్రమ కూడా ఉంది: కొత్తది గనుక మంచిదే అయి ఉంటుందని. 2020లో వెలువడిన స్టార్ట్ ఏకేఐ ట్రయల్ దీనికి మంచి ఉదాహరణ. 15 దేశాల్లో దాదాపు 3,000 మంది రోగులను, డయాలసిస్ త్వరగా మొదలుపెట్టే జట్టుగా, తప్పనిసరి అయ్యేదాకా ఆగే జట్టుగా కంప్యూటర్ చీటీ వేసి విడదీశారు. 90 రోజులకు మరణాలు రెండు జట్లలోనూ 44 శాతం దగ్గరే ఉన్నాయి. బతికినవారిలో అప్పటికీ డయాలసిస్ మీదే ఉన్నవారు త్వరగా మొదలుపెట్టిన జట్టులో 10.4 శాతం, ఆగిన జట్టులో 6 శాతం. ఆగిన జట్టులో మూడో వంతుకు పైగా మందికి డయాలసిస్ చేయాల్సిన అవసరమే రాలేదు. ముందే తెలిసి ఉంటే చీటీ వేసే పనే ఉండేది కాదు. ఏది మేలో నిజంగా తెలియని చోటే ట్రయల్ జరుగుతుంది.

8. సంతకం తర్వాత

సంతకం పెట్టినంత మాత్రాన చేరినట్టు కాదు. స్క్రీనింగ్ పరీక్షలు జరిగి, అర్హత మరోసారి నిర్ధారణ అయ్యాకే ర్యాండమైజేషన్, అంటే చీటీ వేసి ఏ జట్టో తేల్చడం. ఈలోగా క్రియాటినిన్ తగ్గడం మొదలైతే ట్రయల్‌లోకి తీసుకోకపోవచ్చు. అది మంచి వార్త, అలాగే తీసుకోవాలి.

చాలా ట్రయల్స్ 30వ రోజున, 90వ రోజున మరణం, డయాలసిస్ అవసరం, కిడ్నీ పనితీరులో నిలిచిపోయిన తగ్గుదల అనే మూడింటినీ కలిపి కొలుస్తాయి. అంటే డిశ్చార్జ్ తర్వాతి పరీక్షకు రావడం ట్రయల్‌లో ప్రధాన భాగమే. తేదీలను క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. ట్రయల్ వివరాలున్న కార్డును పర్సులో ఉంచుకోండి. మరో ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే అక్కడి వైద్యుడికి చూపించాలి. నొప్పి మాత్ర సహా ఏ కొత్త మందు వాడే ముందైనా పరిశోధన బృందానికి ఫోన్ చేయండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

పాత రిపోర్టులు లేకుండా అడగడం. సవరణ: ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు ఆరోగ్యంగా ఉన్నప్పటి క్రియాటినిన్ రిపోర్టును ఫోన్‌లో ఫొటోగా భద్రపరచుకోవాలి.

దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ట్రయల్స్‌కు రాయడం. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల జరిగే పొరపాటు ఇది. సవరణ: అర్హతల్లో ‘మూడు నెలలకు పైగా’ ఉన్న కిడ్నీ వ్యాధి అన్న మాట ఉంటే సాధారణంగా అది ఏకేఐ ట్రయల్ కాదు.

డయాలసిస్ మొదలయ్యాక, డయాలసిస్‌కు ముందు ఇవ్వాల్సిన మందు ట్రయల్ కోసం ప్రయత్నించడం. సవరణ: డయాలసిస్ పద్ధతి, మోతాదు, విరమణ మీద జరిగే ట్రయల్స్ వైపు మళ్లండి.

పాత వ్యాధినో, మూలికా మందునో దాచడం. సవరణ: సమ్మతి తర్వాత గుర్తొచ్చినా వెంటనే చెప్పండి. ట్రయల్ నుంచి తీసేస్తారేమోనన్న భయం కన్నా, మందుల మధ్య చర్య వల్ల జరిగే హాని పెద్దది.

బరువును ఉజ్జాయింపుగా చెప్పడం. మూత్రం లెక్క మొత్తం బరువు మీదే నడుస్తుంది. పైగా ఒంట్లో నీరు చేరిన రోగి బరువు అసలు బరువు కాదు. సవరణ: ఆస్పత్రిలో చేరకముందు తూచిన బరువు ఎంతో చెప్పండి, ఏ బరువు వాడాలో ప్రోటోకాల్ చూసి వారే నిర్ణయిస్తారు.

ఒకేసారి రెండు మందు ట్రయల్స్‌కు ఒప్పుకోవడం. సవరణ: ప్రతి బృందానికీ రెండో బృందం గురించి చెప్పండి. ఒక మందు ట్రయల్‌తోపాటు పరిశీలన అధ్యయనంలో ఉండడానికి చాలాసార్లు అభ్యంతరం ఉండదు.

10. సరిపోయే ట్రయల్ దొరకకపోతే

ఇది చాలామందికి ఎదురయ్యే ఫలితమే. అప్పుడు మందు ఇవ్వకుండా రక్తం, మూత్రం నమూనాలు, ఆరోగ్య వివరాలు మాత్రమే సేకరించే పరిశీలన అధ్యయనాల గురించి అడగండి. వాటి గడువు కాస్త వదులుగా ఉంటుంది, రోగికి ఎదురయ్యే ప్రమాదం తక్కువ.

డిశ్చార్జ్ రోజున సమ్మరీలో నాలుగు విషయాలు రాశారో లేదో చూసుకోండి: ఏకేఐ అన్న నిర్ధారణ, చేరిన అత్యధిక స్టేజీ, ఇంటికి వెళ్లే నాటి క్రియాటినిన్, మానేయాల్సిన మందులు. రాయకపోతే అక్కడే అడిగి రాయించుకోండి. మూడు నెలలకు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించి ఆ రిపోర్టులను అదే పేజీకి జతచేయండి. ఏకేఐ తర్వాతి ట్రయల్స్‌కు మళ్లీ వెతికేటప్పుడు మొదట అడిగేవి ఆ అంకెలే.